జిల్లా కోర్టులో ఉచిత న్యాయ సేవలు

కోర్టంటే వాదనలు, వాయిదాలే కాదు. ప్రతి జిల్లాలోనూ జిల్లా జడ్జి చైర్మన్‌గా న్యాయ సేవాధికార సంస్థ పనిచేస్తుంది. దీనికి మూలం 42వ రాజ్యాంగ సవరణ (1976) చేర్చిన 39ఎ అధికరణ. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. జాతీయ న్యాయ సేవల దినోత్సవం ఆ తేదీనే.

పరీక్షలు రాసే అభ్యర్థులు ఎక్కువగా తడబడేది, ఉచిత న్యాయ సహాయానికి అర్హులెవరో చెప్పే ఈ చట్టం 12వ సెక్షన్ దగ్గర. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్నవారు తదితరులకు ఆదాయ పరిమితి లేదు. భర్త సంపన్నుడైనా భార్యకు ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని ఇస్తారు. ఎంతోమంది ఆడవాళ్లకు ఈ సంగతి ఇప్పటికీ తెలియకపోవడం బాధాకరం.

ఈ చట్టం కిందే నడిచే లోక్ అదాలత్‌లో ఇరుపక్షాలు రాజీపడితేనే అవార్డు. అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. పెండింగ్ కేసు అక్కడ రాజీ అయితే కోర్టు ఫీజు వాపసిస్తారు. రవాణా, విద్యుత్తు, నీటి సరఫరా లాంటి ప్రజోపయోగ సేవల వివాదాలు చూసే శాశ్వత లోక్ అదాలత్ (22బి సెక్షన్) మాత్రం రాజీ కుదరకున్నా తీర్పు చెప్పగలదు. ఈ తేడాను బాగా గుర్తుంచుకోండి.

న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100. కేసు స్థితి తెలుసుకోవడానికి ప్రతి కేసుకూ ఇచ్చే 16 అక్షరాంకెల సీఎన్ఆర్ నంబరు చాలు. ఫోన్ వాడటం రాని కక్షిదారులకు కోర్టుల్లోని ఈ-సేవా కేంద్రాలు ఆ వివరాలు చూసి చెబుతాయి.