పిల్లల నొప్పిని కొలవబోయే వాళ్లకు

చిన్నపిల్లల ఆపరేషన్లకు మత్తు ఇస్తూనే నా ఉద్యోగం గడిచింది. రిటైరయ్యాక కూడా పీజీ విద్యార్థులు థీసిస్ పట్టుకుని ఇంటికి వస్తుంటారు. “ఈ మందు ఆ మందు కన్నా మేలని తేలింది మేడమ్” అంటారు. ఏం కొలిచారు, ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు అని అడుగుతాను. నేను వాళ్లకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

1. పసివాళ్లకు నొప్పి తెలియదన్న నమ్మకం మరీ పాతదేమీ కాదు. 1985లో అమెరికాలో జెఫ్రీ లాసన్ అనే నెలలు నిండని బిడ్డకు కదలకుండా చేసే మందు మాత్రమే ఇచ్చి, నొప్పి తెలియకుండా చేసేదేదీ ఇవ్వకుండా గుండె దగ్గర ఆపరేషన్ చేశారు. 1987లో ఆనంద్ బృందం లాన్సెట్ పత్రికలో తమ అధ్యయనం ప్రచురించింది. ఫెంటానిల్ అనే నొప్పి మందు ఇచ్చిన పసికందుల రక్తంలో ఒత్తిడి హార్మోన్లు అంతగా పెరగలేదు, ఆపరేషన్ తర్వాత చిక్కులు కూడా తగ్గాయి. వాదనలతో మారని వైద్యం కొలతతో మారింది. అందుకే కొలతంటే నాకంత పట్టింపు.

2. ఏడుపంతా నొప్పి కాదు. మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు 1997లో ఇచ్చిన ఫ్లాక్ స్కేలులో ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకోవడం అనే అయిదింటికి సున్నా నుంచి రెండు దాకా మార్కులుంటాయి. మంచం చివర నిలబడి చూస్తే నాలుగింటికే మార్కులు వేయగలరు. ఊరుకుంటాడో లేదో బిడ్డను ఎత్తుకుంటేనే తెలుస్తుంది. రాత్రి నుంచి పస్తున్న హెర్నియా పిల్లవాడు ఆకలికీ ఏడుస్తాడు, అమ్మ కోసమూ ఏడుస్తాడు. సెవోఫ్లూరేన్ మత్తు దిగేటప్పుడు కొందరు ఎవరినీ గుర్తుపట్టకుండా పెనుగులాడతారు. దాన్ని కొలవడానికి వేరే స్కేలుంది. తల్లిని లోపలికి పిలిచి, బిడ్డ తేరుకున్నాక మళ్లీ స్కోరు వేయండి.

3. మాట్లాడగలిగిన పిల్లలను అడగండి, కానీ కళ్లు కూడా తెరిచి ఉంచండి. 2001లో సవరించిన ముఖాల స్కేలులో ఆరు బొమ్మలుంటాయి. వాటిలో నవ్వూ ఉండదు, కన్నీళ్లూ ఉండవు. అది మంచి ఏర్పాటు, నొప్పికీ దిగులుకీ ముడిపెట్టదు. అపెండిక్స్ ఆపరేషనైన ఒక పాపను అడిగితే మొదటి బొమ్మ మీద వేలు పెట్టింది. మోకాళ్లు ముడుచుకుని, దుప్పటి అంచు పిడికిట్లో బిగించి పట్టుకుని ఉంది. నర్సమ్మ చేతిలోని ట్రే మీంచి చూపు తిప్పడం లేదు. “సూది వేయను తల్లీ, సెలైన్ గొట్టంలోంచే ఇస్తాను” అన్నాక నాలుగో బొమ్మ చూపించింది.

4. మన దగ్గర పిల్లల మీద జరిగే థీసిసుల్లో ఎక్కువగా కనిపించేది కాడల్ బ్లాక్. బుపివకైన్‌కు ఇంకో మందు కలిపి, మొదటిసారి నొప్పి మందు అవసరమైంది ఎన్ని గంటలకో చూస్తారు. ఆ గంటలు ఎవరి చేతిలో ఉన్నాయో ఆలోచించండి. నాలుగు గంటలకోసారి చూస్తే నొప్పి మూడో గంటకు మొదలైనా కాగితం మీద నాలుగే పడుతుంది. రాత్రి ఎవరూ చూడకపోతే మందు తెల్లవారేదాకా పనిచేసినట్టే లెక్క. పైగా డెక్స్‌మెడిటోమిడిన్ లాంటివి నిద్రపుచ్చుతాయి. మగతలో ఉన్న బిడ్డకు ఫ్లాక్ స్కోరు తగ్గుతుంది కదా! మగతను విడిగా రాయకపోతే ఆ తగ్గుదల నొప్పిదో నిద్రదో తేల్చలేం. మందు ఇచ్చిన చేతితోనే మార్కులు వేయకండి. కదలకుండా పడుకున్నప్పుడే కాదు, కూర్చోబెట్టినప్పుడూ, టాన్సిల్స్ పిల్లలైతే గుటక వేసినప్పుడూ చూడండి. ఏ గుంపులో ఉన్న బిడ్డకైనా పారాసెటమాల్, అడగ్గానే అదనపు మందు అందాల్సిందే. పోలిక కోసం బిడ్డను నొప్పితో వదిలేసే అధ్యయనం నా దృష్టిలో అధ్యయనమే కాదు.

5. రెండు మందుల మధ్య పదికి అరమార్కు తేడా లెక్కల్లో నిలవచ్చు, బిడ్డకు తెలియదు. ముఖాల స్కేలులో ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మధ్యే రెండు మార్కులున్నాయి.

6. అరవై మంది పిల్లలను చూసి “దుష్ప్రభావాలు లేవు” అని రాయకండి. “మాకు కనబడలేదు” అని రాయండి. టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత కొడీన్ ఎన్నో ఏళ్లు వాడారు. కొందరి ఒంట్లో అది మరీ వేగంగా మార్ఫిన్‌గా మారి, ఊపిరి ఆగి పిల్లలు చనిపోయాక, 2013లో అమెరికా ఔషధ సంస్థ ఆ వాడకం వద్దని గట్టి హెచ్చరిక పెట్టింది.

7. 2008లో నిపుణుల బృందం ఒకటి పిల్లల అధ్యయనాల్లో ఏమేం కొలవాలో చెప్పింది. నొప్పి తీవ్రతతో పాటు దుష్ప్రభావాలు, ఒళ్లు కోలుకోవడం, మనసు తీరు, చికిత్స మీద తృప్తి, ఖర్చు అందులో ఉన్నాయి. మన థీసిసులు మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతున్నాయి. పొద్దున ఆపరేషన్ చేసి సాయంత్రం ఇంటికి పంపిన బిడ్డ ఆ రాత్రి ఎలా గడిపాడో మనకు తెలియదు. తల్లిదండ్రులను అడగడానికి 1996 నుంచే పదిహేను ప్రశ్నల పట్టిక ఉంది. మామూలు కన్నా తక్కువ ఆడుకున్నాడా, తక్కువ తిన్నాడా, నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టుకుంటున్నాడా వంటి ప్రశ్నలవి. ఆరు లేదా అంతకు మించి అవునని వస్తే మందు వేయాల్సిన నొప్పి ఉన్నట్టు.

ఈ ఏడాది థీసిస్ మొదలుపెట్టే వాళ్లకు నా మనవి: డిశ్చార్జి కాగితం ఇచ్చేటప్పుడే తల్లి ఫోన్ నంబరు రాసుకోండి. ఆ రాత్రీ, మర్నాడు సాయంత్రమూ ఫోన్ చేసి ఆ పదిహేను ప్రశ్నలూ తెలుగులో అడగండి. వచ్చిన జవాబులను మీ ఫలితాల మొదటి పట్టికలోనే వేయండి.