నీళ్లు పోయుట వైద్యము కాదు



మన పల్లెలలో సంఘమునకో, కుటుంబమునకో ఒక పాత వ్యాను ఉండుట ఇప్పుడు అరుదు కాదు. వాటిలో మారుతి ఓమ్నిలు చాలా ఉన్నవి. 1984లో మొదలైన ఆ బండి తయారీ 2019లో ఆగిపోయినది. అయినను ఉద్దానములో కొబ్బరికాయలకును, పెండ్లివారికిని, రోగులకును నేటికిని అదే ఆధారము.

మా వ్యానును అట్టిదే. కొన్ని వారములుగా రేడియేటరులో నీళ్లు తగ్గుచుండెను. పాత బండి గదా అని, మేము ప్రతి ఉదయము ఒక చెంబెడు బావినీళ్లు పోసి ఊరకుంటిమి. ఒక రాత్రి నొప్పులు పడుచున్న సోదరిని బారువనుండి పలాసకు తీసికొని పోవుచుండగా, వేడిని చూపు ముల్లు హఠాత్తుగా క్రిందికి దిగెను. మేము సంతోషించితిమి. హరిపురము దాటగానే సీటు క్రిందనుండి ఆవిరి లేచెను! దారిన పోవు ఆటోవాడు ఆమెను ఆసుపత్రికి చేర్చెను. తల్లీబిడ్డలు క్షేమమే గాని, మా నిర్లక్ష్యమును మేము మరువలేదు. అందుచేతనే ఈ పాఠము.

1. చల్లారిన పిమ్మటనే మూత తీయవలెను. మూత ఒత్తిడిని పట్టియుంచుటవలన లోపలి నీరు నూరు డిగ్రీలు దాటినను మరుగదు. వేడిమీద మూత తీసినచో ఒక్కసారిగా పైకెగసి ముఖమును కాల్చును.

2. నీరు ఎటు పోవుచున్నది? రాత్రి బండి క్రింద అట్ట పరచి, తెల్లవారి తడి ఎక్కడనున్నదో చూడుడి. గొట్టముల చివరలు, వాటర్ పంపు, రేడియేటరు అంచులు పరీక్షించుడి. బయట తడి లేనిచో లోపల పోవుచున్నదేమో చూడవలెను. ఇంజను ఆయిలు మజ్జిగవలె తెల్లబడుట, ఇంజను వేడెక్కినను తెల్లని పొగ మానకుండుట, చల్లని ఇంజనును మూత తీసి స్టార్టు చేయగా బుడగలు ఆగకుండ వచ్చుట, ఇవి హెడ్ గాస్కెట్ చెడిన గుర్తులు. అట్టి బండిని నడుపరాదు.

3. ఎప్పుడు వేడెక్కుచున్నది? టెక్కలి బజారులో నిదానముగా పోవునప్పుడు వేడెక్కి, రహదారిపై చల్లబడినచో పంకాను, దాని ఫ్యూజును చూడుడి. రహదారిపై బరువుతో పోవునప్పుడే వేడెక్కినచో రేడియేటరు పూడియుండవచ్చును. ఇంజను కాలుచుండగా రేడియేటరు చల్లగానే యున్నచో నీరు అక్కడికి చేరుట లేదు. థర్మోస్టాట్ మూసుకొనియుండవచ్చును, లేదా పంపు చెడియుండవచ్చును. థర్మోస్టాట్‌ను తీసి పారవేయక క్రొత్తది వేయించవలెను.

4. ముల్లును గ్రుడ్డిగా నమ్మరాదు. దాని సెన్సారు నీటిలో మునిగియున్నప్పుడే సరిగా చెప్పును. నీరు తరిగి అది బయటపడినప్పుడు, ఇంజను మండిపోవుచున్నను ముల్లు చల్లదనమునే చూపవచ్చును. ఆ రాత్రి మాకు జరిగినది ఇదే.

ఇక నీటి సంగతి. ఉప్పు, సున్నము గల బావినీరు రేడియేటరు సన్నని గొట్టములలో పెచ్చుకట్టి, లోహమును తినివేయును. డిస్టిల్డ్ వాటరులో కూలెంటును డబ్బామీద చెప్పిన పాళ్లలో కలిపి పోయుడి.

దారిలో వేడెక్కినచో వెంటనే ఆపి, ఇంజను కట్టి, అరగంటయైనను వేచియుండుడి. కాలుచున్న ఇంజనులో చన్నీళ్లు పోసినచో హెడ్డు పగులవచ్చును.

ఒకసారి నీరు తగ్గినచో పోయుడి. రెండవసారి తగ్గినచో కారణము వెదకుడి. మూడవసారి తగ్గువరకు ఆగిన మేము, ఆ రాత్రి రోడ్డు ప్రక్కన నిలిచితిమి.