పద్మాక్షి గుట్ట శిలాస్తంభము

హనుమకొండ నగరమున పద్మాక్షి గుట్టపై ఒక నలుపలకల నల్లరాతి స్తంభము కలదు. బతుకమ్మ పండుగనాడు గుట్ట దిగువన వేలమంది స్త్రీలు కూడుదురు. ఒక స్త్రీ చేసిన ధర్మమును తెలుపుటకే ఆ స్తంభము నిలిచినదని వారిలో ఎందరెరుగుదురు?

స్తంభముపై గల శాసనము ప్రధానముగా కన్నడ భాషలో నున్నది. కాలము చాళుక్య విక్రమ శకము 42వ సంవత్సరము, హేవిళంబి. కల్యాణ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడు 1076లో తన పేర నెలకొల్పిన శకమిది. 1076ను మొదటి యేడుగా లెక్కించిన 42వ యేడు 1117 అగును. కాకతీయులు అప్పటికి ఆ చక్రవర్తికి సామంతులు. శాసనమున కన్నడము కనబడుటకు, చాళుక్య శకము వాడబడుటకు కారణమిదియే.

కాకతి ప్రోలరాజు మంత్రి బేతన పెర్గడ. అతని భార్య మైలమ ఈ గుట్టపై కడలాలయ బసది యను జైనాలయమును కట్టించి భూమిని దానమొసంగెను. ఉగ్రవాడికి చెందిన మేడరసు కూడ ఆ బసదికి భూదానము చేసెను. బేతన తండ్రి వైజ దండాధిపుడు తన ప్రభువగు బేతరాజును చక్రవర్తి సన్నిధికి కొనిపోయి, సబ్బి వేయినాటి పాలనను సంపాదించి పెట్టెనని ఇందే కలదు. నేటి కరీంనగర్ ప్రాంతమున చాల భాగము ఆ సబ్బినాడే.

జైనము ఈ సీమకు అప్పుడు క్రొత్తది కాదు. కరీంనగర్ జిల్లా కురిక్యాల చెంత బొమ్మలగుట్టపై పంపకవి తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దముననే జినబింబములను చెక్కించి, తెలుగు కందపద్యములతో కూడిన శాసనమును వ్రాయించెను.

మేడరసు పొలవాస ప్రభువుల వంశమువాడని చరిత్రకారుల అభిప్రాయము. పొలవాస నేటి జగిత్యాల జిల్లాలోనిది. ఆ మీదట నలువదియారేండ్లకు, 1163లో, అదే హనుమకొండలో వేయిస్తంభముల గుడియొద్ద రుద్రదేవుడు మరియొక శాసనము నిలిపెను. అందు శివ, వాసుదేవ, సూర్యుల ప్రతిష్ఠతోపాటు పొలవాస మేడరాజును, నగునూరు దొమ్మరాజును జయించిన వృత్తాంతము కలదు. ఒక శిలపై దాతగా నిలిచిన వంశము వేరొక శిలపై ఓడిన శత్రువుగా నిలిచినది. ఈ రెండు శాసనముల నడిమి కాలముననే కల్యాణమున బసవేశ్వరుని శరణోద్యమము తలయెత్తినది.

కాలక్రమమున బసది పద్మాక్షీదేవి ఆలయమైనది. అర్చన మారినను కొండరాతిపై తీర్థంకరుల మూర్తులు నేటికిని కలవు. ఒక మతమువారు విడిచిన చోట మరియొకరు దీపము పెట్టిరి. పూర్వుల గుర్తు మాత్రము చెరగలేదు.

విజేతల పేర్లు పలుచోట్ల లభించును. మైలమ పేరు మనకు దక్కుటకు ఈ ఒక్క రాయియే ఆధారము. అక్షరములపై సున్నము, రంగు, నూనె పూయుట భక్తియని తలచువారు ఈ సంగతి గ్రహింపవలెను. మరుగుపడిన ప్రతి పంక్తితో ఒక దాత రెండవమారు మరణించును. మన ఊరి గుడి ముంగిట రాయి యేదైన నున్నయెడల, అది ఏ మతమువారిదైనను, దానిని కాపాడుట, పిల్లలచే చదివించుట కూడ దాసోహమే.