వరిమడిలోని పొడవు దౌడల సాలీడులు: జాతులను గుర్తించు విధము

వరియాకుల కొనల నడుమ పలుచని గూళ్లు కట్టి, పగటివేళ కాళ్లను ముందునకును వెనుకకును చాచి, ఆకునకు అంటుకొనియుండు సన్నని సాలీడులను కాపులందఱు నెఱుగుదురు. ఇవి ఆకును తినవు. గూటిలో చిక్కిన దోమలను, రెక్కపురుగులను తినును. అయినను గూళ్లు విస్తారముగా కనబడగానే పైరునకు చీడపట్టెనని తలచి మందు చల్లువారు కలరు. అట్లు చల్లినచో సాలీడులు చచ్చును. ఆకుతొడుగులలో దాగిన సుడిదోమ గ్రుడ్లు మిగులును.

ఈ సాలీడులు టెట్రాగ్నతా అను వర్గములోనివి. వీనికి కన్నులు ఎనిమిది, వరుసకు నాలుగు చొప్పున రెండు వరుసలుగా నుండును. దుబ్బుల మొదట నీటిమీదను బురదమీదను పరుగెత్తు తోడేలు సాలీడు వేఱు. దాని కన్నులు నాలుగు, రెండు, రెండుగా మూడు వరుసలు. ఆడుది గ్రుడ్లసంచిని వెనుక తగిలించుకొని తిరుగును.

ఒకే వర్గములోని జాతులను విడదీయుట కష్టము. రంగును నమ్మరాదు. ఒకే జాతిలో పచ్చనివియు గోధుమవన్నెవియు నుండవచ్చును. స్పిరిటులో వేయగానే పచ్చదనము పోవును. మొదట ఉదరము చివర చూడవలెను. దారము తీయు బుడిపెలను దాటి ఉదరము తోకవలె సాగియున్నచో అది జవానా జాతి యని తలపవచ్చును. దీనికి 1890లో తోరెల్ అను స్వీడను దేశపు పండితుడు పేరిడెను. మాండిబ్యులాటా, మాక్సిల్లోసా జాతులకు అట్టి తోక లేదు. ఈ రెంటిని విడదీయుటకు దౌడలను తెఱచి భూతద్దముతో చూడక తప్పదు.

ఒక్కొక్క దౌడ లోపలియంచున రెండు వరుసల పండ్లుండును. పండ్ల లెక్క యొక్కటే చాలదు, ఏలయన ఒకే జాతిలోను అది కొంత మాఱును. మొదటి పండ్ల పరిమాణమును, వాని నడుమ ఎడమును చూడవలెను. మగదాని దౌడపై ముల్లొకటి యుండును. సంగమవేళ మగది దానితో ఆడుదాని కోఱను బిగబట్టి కాటు తప్పించుకొనును. ఆ ముల్లు కొన యాకారమును జాతిని తెలుపును. తోడేలు సాలీడులలో ఆడుదాని ఉదరము క్రింద గట్టి పలకయొకటి యుండి జాతిని పట్టియిచ్చును. పొడవు దౌడలవానిలో అట్టి పలక లేదు. కావున వీనిలో మగదానిని చూచుటయే సుకరము. నోటి కిరుప్రక్కల చిన్నకాళ్లవలె నుండు అవయవముల కొనలు మగదానికి ఉబ్బియుండును. అందలి భాగములను చూచి నిపుణులు జాతిని నిశ్చయింతురు.

ఆ ఉబ్బు నునుపుగా నున్నచో అది కడపటి కుబుసము విడువని పిల్ల. దానికి పేరు పెట్టబూనుట వృథాశ్రమ.

పరీక్షకు పంపదలచినవారు ఒకే మడిలో దొరకిన మగదానిని, ఆడుదానిని నూటికి 70 పాళ్ల స్పిరిటులో వేయవలెను. ఊరు, తేది, పైరు వయస్సు సీసపుకడ్డీ పెన్సిలుతో వ్రాసిన చీటిని సీసాలోపలనే యుంచవలెను. సిరాతో వ్రాసినచో కరగిపోవును.