నల్లరేగడి చేలోనూ రహదారిపైనా నడిచే ట్రాక్టరుకు టైరు పరిమాణం ఎంపిక: భైంసా ప్రాంత సాగుకు అన్వయం

సారాంశం

భైంసా పరిసరాలలో ఒకే ట్రాక్టరు ఉదయం చేలో అంతరకృషి చేసి, సాయంత్రం ట్రాలీతో మార్కెట్టు రహదారి పడుతుంది. ఈ రెండు పనులు టైరు నుంచి కోరేవి పరస్పర విరుద్ధమైన గుణాలు. వెడల్పైన టైరు వేస్తే నేల గట్టిపడదన్న అభిప్రాయం పాక్షిక సత్యం మాత్రమే. వెడల్పుకు తగినట్లు గాలి పీడనాన్ని తగ్గించినప్పుడే ఆ మేలు దక్కుతుంది. సాళ్ల దూరం, ఇరుసుపై పడే బరువు, గాలి పీడనం, చక్రాల వ్యాసాల నిష్పత్తి అనే నాలుగు అంశాలను ఈ వరుసలో పరిశీలించి టైరును ఎంచుకునే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

ప్రాంత నేపథ్యం

2016 అక్టోబరులో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా విభజన జరిగిన తరువాత భైంసా నిర్మల్ జిల్లాలో భాగమైంది. భైంసా, ముధోల్, కుభీర్, తానూర్, కుంటాల, లోకేశ్వరం మండలాలలో నల్లరేగడి నేలలు విస్తారంగా ఉన్నాయి. వానాకాలంలో పత్తి, సోయాచిక్కుడు, కంది, యాసంగిలో శనగ, జొన్న, మొక్కజొన్న ఇక్కడి ప్రధాన పంటలు. వర్షపాతంలో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల వల్లనే లభిస్తుంది. పట్టణంలోని మార్కెట్టుకు, జిన్నింగు మిల్లులకు పల్లెల నుంచి పత్తి ట్రాలీలలోనే చేరుతుంది.

ఈ నేలల్లో ఉబ్బే గుణమున్న స్మెక్టైట్ జాతి బంకమన్ను అధికం. తడిసినప్పుడు జిగురుగా మారి చక్రాన్ని పట్టుకుంటుంది, ఆరినప్పుడు బీటలు వారుతుంది. వేసవిలో బీటలు వారడం వల్ల గట్టిపడిన పొర కొంతవరకు తనంతట తానే విడిపోతుంది. ఆ మరమ్మతు జరిగేది పంట కోసిన తరువాతే. జూలైలో తడినేలపై చక్రం చేసిన నష్టాన్ని ఆ సంవత్సరపు సోయాచిక్కుడు మోయవలసిందే. గాలి ఆడని మట్టిలో వేరు బుడిపెలు సరిగా ఏర్పడవు, చక్రం జాడల్లో నీరు నిలిచి మొక్కలు పసుపుబారతాయి.

టైరుపై ఉన్న అంకెల అర్థం

13.6-28 అని రాసి ఉంటే టైరు వెడల్పు 13.6 అంగుళాలు, అది కూర్చునే రిమ్ వ్యాసం 28 అంగుళాలు అని అర్థం. మధ్యలో అడ్డగీత ఉంటే అది బయాస్ టైరు. ఆ స్థానంలో 'ఆర్' అక్షరం ఉంటే రేడియల్. ప్లై రేటింగు టైరు మోయగల బరువుకు సూచిక. ప్లై రేటింగు పెరిగిన కొద్దీ అధిక పీడనం వద్ద అధిక బరువు మోయగలదు, కానీ పక్క గోడలు బిగుతుగా ఉంటాయి.

వెనుక చక్రానికి సాధారణంగా వాడే నాలుగు పరిమాణాలు కింది పట్టికలో ఉన్నాయి. వ్యాసం, చుట్టుకొలతలను సమానమైన 85 శ్రేణి రేడియల్ టైర్ల కొలతల ఆధారంగా లెక్కించడమైనది. బరువు పడినప్పుడు టైరు అణగడం వల్ల వాస్తవంగా దొర్లే దూరం దీనికంటే కొంత తక్కువ.

| పరిమాణం | వెడల్పు (సెం.మీ.) | వ్యాసం (సెం.మీ.) | చుట్టుకొలత (సెం.మీ.) | 45 సెం.మీ. సాళ్ల మధ్య ఒక్కో పక్క మిగిలే ఎడం (సెం.మీ.) |
|---|---|---|---|---|
| 12.4-28 | 31.5 | 126 | 394 | 6.7 |
| 13.6-28 | 34.5 | 129 | 405 | 5.2 |
| 14.9-28 | 37.8 | 136 | 426 | 3.6 |
| 16.9-28 | 42.9 | 143 | 448 | 1.0 |

మొదటి అంశం: సాళ్ల దూరం

ఎంపిక ట్రాక్టరు వద్ద కాక చేను వద్ద మొదలు కావాలి. సోయాచిక్కుడును 45 సెం.మీ. సాళ్లలో విత్తినప్పుడు 16.9 అంగుళాల టైరుకు ఒక్కో పక్క ఒక సెంటీమీటరు ఎడమే మిగులుతుంది. అంత నిఖార్సుగా ట్రాక్టరు నడపడం సాధ్యం కాదు కనుక మొక్కలు నలగడం ఖాయం. 12.4 లేదా 13.6 టైరుతో అంతరకృషి, ఈ ప్రాంతపు మాటలో దౌర కొట్టడం, వీలవుతుంది. 90 సెం.మీ. సాళ్ల పత్తిలో వెడల్పు అంతటి అడ్డంకి కాదు.

రెండు చక్రాల మధ్య దూరం కూడా సాళ్ల దూరానికి గుణిజంగా ఉండాలి. టైరు మధ్య నుంచి టైరు మధ్యకు 180 సెం.మీ. అమర్చితే అది 45కు నాలుగు రెట్లు, 90కి రెండు రెట్లు. అంటే ఒకే అమరికతో సోయాచిక్కుడు, పత్తి రెండింటిలోనూ చక్రం సాళ్ల నడుమ నడుస్తుంది. ముందు చక్రాలనూ అదే జాడలో నడిచేలా సరిచేయాలి. ట్రాక్టరు ఇరుసు ఆ వెడల్పుకు అనుమతిస్తుందో లేదో ముందుగా తయారీదారు పుస్తకంలో చూడాలి.

రెండవ అంశం: బరువు, గాలి పీడనం

టైరు నేలపై కలిగించే సగటు పీడనం దాదాపు దాని లోపలి గాలి పీడనంతో సమానం. పక్క గోడల బిగువును బట్టి కొంత అధికం. ఈ సూత్రం నుంచి ముఖ్యమైన విషయం తేలుతుంది. 13.6 తీసి 14.9 వేసి గాలిని మునుపటిలాగే ఉంచితే పై పొరపై ఒత్తిడి పెద్దగా తగ్గదు. పెద్ద టైరు అదే బరువును తక్కువ గాలితో మోయగలగడమే దాని అసలు ప్రయోజనం. ఆ గాలిని తగ్గించని రైతు ధర చెల్లించి ప్రయోజనాన్ని వదులుకున్నట్లే.

వెనుక టైరుకు సాధారణంగా చదరపు సెం.మీ.కు 0.8 నుంచి 1.5 కిలోల వరకు, ముందు టైరుకు 1.5 నుంచి 2.5 కిలోల వరకు పీడనం వాడతారు. చేలో కింది హద్దు వైపు, రహదారిపై ట్రాలీ లాగేటప్పుడు పై హద్దు వైపు ఉంచాలి. కచ్చితమైన విలువను టైరు తయారీదారు పట్టిక నుంచి తీసుకోవాలి. తక్కువ గాలితో రహదారిపై వేగంగా నడిపితే పక్క గోడలు వేడెక్కి పగులుతాయి. ఎక్కువ గాలితో దుక్కి చేస్తే చక్రం జారి, రబ్బరు పళ్లు నడుమ అరిగిపోతాయి. రోజూ రెండు పనులూ చేసే ట్రాక్టరుకు పీడన మాపకం, గాలి పంపు టైరు అంతటి అవసరం.

లోతు పొరల సంగతి వేరు. పై పొరపై ప్రభావం గాలి పీడనాన్ని బట్టి ఉంటే, నాగలి అందని లోతులో గట్టిదనం ప్రధానంగా ఇరుసు మొత్తం బరువును బట్టి ఉంటుంది. ఈ సమస్యను ఏ టైరూ పూర్తిగా పరిష్కరించలేదు. ట్రాక్టరు టైరు గురించి ఎంతో ఆలోచించే రైతు నిండు ట్రాలీని తడి చేలోకి దింపడం తరచుగా కనిపించే వైరుధ్యం. ట్రాలీ టైర్లు సన్ననివి, వాటిలో గాలి పీడనం ట్రాక్టరు వెనుక టైరుకంటే ఎన్నో రెట్లు అధికం. కనుక పత్తి బస్తాలను గట్టు వరకు మోయించి, ట్రాలీని బాటపైనే నింపడం ఏ ఖరీదైన టైరుకన్నా మేలైన నేల సంరక్షణ.

మూడవ అంశం: వ్యాసం మార్పు పర్యవసానాలు

13.6 నుంచి 14.9కు మారితే వ్యాసం 5 శాతం, 16.9కు మారితే 10 శాతం పైగా పెరుగుతుంది. అదే గేరులో, అదే ఇంజను వేగంలో ట్రాక్టరు అంత వేగంగా నడుస్తుంది, లాగే బలం అదే నిష్పత్తిలో తగ్గుతుంది. గంటకు 30 కి.మీ. అనుకున్నది 31.5 అవుతుంది, బ్రేకుల పట్టు ఆ మేరకు తగ్గుతుంది. ట్రాక్టరుకు బిగించిన స్ప్రేయరుతో మందు పిచికారీ చేస్తే ఎకరానికి పడే ద్రావణం సుమారు 5 శాతం తగ్గుతుంది కనుక మోతాదును తిరిగి సరిచూడాలి. సొంత చక్రంతో నడిచే విత్తన గొర్రుకు ఈ తేడా వర్తించదు.

నాలుగు చక్రాల చోదన ట్రాక్టర్లలో అదనపు జాగ్రత్త అవసరం. వాటిలో ముందు చక్రాల అంచు వేగం వెనుక చక్రాల కంటే 1 నుంచి 5 శాతం అధికంగా ఉండేలా గేర్లు రూపొందిస్తారు. వెనుక టైరును మాత్రమే ఒక పరిమాణం పెంచితే ఆ ఆధిక్యం పూర్తిగా పోయి, ముందు చక్రాలు లాగడానికి బదులు ఈడ్చబడతాయి. గట్టి రహదారిపై ఆ ఒత్తిడి గేర్లపై పడుతుంది. అందువల్ల ముందు, వెనుక టైర్లను తయారీదారు సూచించిన జతగానే మార్చాలి. రహదారిపై ముందు చోదనను విడదీసి నడపాలి.

రిమ్ వెడల్పు కూడా టైరుకు తగినదై ఉండాలి. ఇరుకు రిమ్‌పై వెడల్పు టైరు ఎక్కిస్తే నడుమ ఉబ్బి, నేలను తాకే భాగం తగ్గుతుంది. వెడల్పు పెంచిన ప్రయోజనం అక్కడే పోతుంది.

టైరు నిర్మాణం

రేడియల్ టైరు పక్క గోడలు మెత్తగా ఉండి, నేలను తాకే భాగం పొడవుగా పరచుకుంటుంది. జారుడు తక్కువ, రహదారిపై అరుగుదల నెమ్మది. ధర ఎక్కువ. పత్తి కట్టె కోసిన తరువాత నిలిచే మోళ్లు పక్క గోడలకు ప్రమాదకరం. రేడియల్ కొన్న రైతు మోళ్లను నేలమట్టంగా కోయించడం లేదా తొలగించడం అవసరం. ఏడాదిలో అధిక భాగం రవాణాకే వాడే ట్రాక్టరుకు రేడియల్, మోళ్ల చేలలో ఎక్కువగా తిరిగే ట్రాక్టరుకు అధిక ప్లై గల బయాస్ టైరు పరిశీలించదగినవి.

క్షేత్రస్థాయి పరీక్షలు

విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు రైతు చేలోనే రెండు సులభ పరీక్షలు చేసి చూపవచ్చు.

1. జారుడు పరీక్ష: వెనుక టైరుపై సుద్దతో గుర్తు పెట్టి, పనిముట్టు ఎత్తి పది చుట్లు నడిపిన దూరం కొలవాలి. అదే చేలో పనిముట్టు దింపి మళ్లీ పది చుట్లు నడపాలి. మొదటిది 40 మీటర్లు, రెండవది 34 మీటర్లు అయితే జారుడు 15 శాతం. దుక్కి నేలలో 8 నుంచి 15 శాతం వరకు ఆమోదయోగ్యం. అంతకు మించితే ముందుగా గాలి పీడనాన్ని, ఆ తరువాత అదనపు బరువును సరిచూడాలి. టైరు మార్పు చివరి మార్గం.

2. తేమ పరీక్ష: 15 సెం.మీ. లోతు నుంచి మట్టి తీసి అరచేతుల మధ్య దారంలా పేనాలి. 3 మి.మీ. సన్నని దారం విరగకుండా వస్తే నేల చక్రానికి సిద్ధంగా లేదు. దారం కాకముందే విరిగిపోతే పని మొదలుపెట్టవచ్చు.

టైరులో నీరు నింపి బరువు పెంచే పద్ధతి దుక్కి కాలానికి తగినది. ఆ నీరు రవాణా కాలమంతా ఉంచితే డీజిలు వృథా, బ్రేకులపై భారం, తడినేలపై అదనపు ఒత్తిడి. పత్తి రవాణా మొదలయ్యే ముందు నీరు తీసివేయాలి.

ముగింపు

సోయాచిక్కుడు, పత్తి సాగు చేస్తూ నిత్యం భైంసా మార్కెట్టుకు ట్రాలీ నడిపే రైతుకు, ట్రాక్టరు సామర్థ్యం అనుమతించినంత వరకు 13.6-28 వంటి మధ్యస్థ వెడల్పు టైరు, 180 సెం.మీ. చక్రాల ఎడం, పనిని బట్టి మార్చే గాలి పీడనం సమంజసమైన కలయిక. సాళ్ల నడుమ పని లేకుండా లోతు దుక్కి, కిరాయి పనులే ప్రధానమైన పెద్ద ట్రాక్టరుకు వెడల్పు టైరు తగినదే, గాలిని తగ్గించి వాడాలన్న షరతు దానికీ వర్తిస్తుంది. టైరు కొనుగోలు కొన్నేళ్లకు ఒకసారి వచ్చే నిర్ణయం. గాలి చూసుకోవడం, తడినేల ఆరే వరకు రెండు రోజులు ఆగడం, నిండు ట్రాలీని చేలోకి దించకపోవడం ప్రతి వారం తీసుకోవలసిన నిర్ణయాలు. నల్లరేగడి నేల ఆరోగ్యం వీటిపైనే ఎక్కువగా ఆధారపడి ఉన్నదని రైతు శిక్షణలలో స్పష్టం చేయాలి.