సార్వా నారుమడికి ముందు విత్తన విచారము

మృగశిర కార్తె సమీపించి, కాలువలకు నీరు వదలు దినములు వచ్చుచుండగా, గోదావరి, కృష్ణా డెల్టాల రైతు సోదరులు నారుమడి దున్నుటకు పూర్వమే విచారింపవలసిన విషయ మొకటి కలదు: ఏ చేనికి ఏ వంగడము? ఊరంతయు చల్లిన విత్తనమునే మనమును చల్లుట వాడుకయైనది. కాని మెరకచేను, మురుగు పోని పల్లపుచేను ఒకే విత్తనమును ఒకే తీరున పండింపజాలవు.

మారుటేరు పరిశోధనాస్థానమున రూపొంది 1982లో విడుదలయిన స్వర్ణ, అనగా ఎం.టి.యు. 7029, మితమైన ఎరువుతోనే మంచి దిగుబడి నొసగి, ఒడిశా, బెంగాలు రైతుల గాదెలను సైతము నింపినది. అట్టి స్వర్ణయు ఊడ్చిన కొలదికాలమునకే నిండ మునిగి దినముల తరబడి నీటిలో నున్నచో నిలువదు. మునిగిన పైరు వెలుతురు కొరకు పైపైకి సాగి, తనలోని పిండిపదార్థమంతయు ఖర్చుచేసికొని, నీరు తీయగనే నేలకు వాలిపోవును. ఒడిశాకు చెందిన ఎఫ్.ఆర్. 13ఎ అను రకములో దీనికి విరుగుడు దొరకినది. ఆ పైరు నీటిలో సాగక, ఊపిరి బిగబట్టినట్లు ఉన్న బలమును దాచుకొని, నీరు తీసిన పిదప మరల చిగుర్చును. ఈ గుణమును స్వర్ణలోనికి దెచ్చి, స్వర్ణ-సబ్1 అను పేర 2009లో మన దేశమున విడుదల చేసిరి. ఇది సుమారు రెండు వారముల మునకను ఓర్చును. పూతదశలో వచ్చు ముంపునకు మాత్రము దీనిని నమ్ముకొనరాదు. ముంపు తీసి క్రొత్త ఆకు కనబడిన పిమ్మటనే కొంత యూరియాను పొటాషుతో కలిపి చల్లవలెను.

సాంబ మసూరి పండించువారికి బాధ వేరు. ఆకు కొననుండి అంచుల వెంబడి అలలవలె పసుపుచార దిగుట, ఉదయమున ఆకుపై జిగురుబిందువులు నిలుచుట బాక్టీరియా ఎండుతెగులునకు గురుతు. హైదరాబాదు శాస్త్రజ్ఞులు మూడు నిరోధక జన్యువులను చేర్చి 2008లో వెలువరించిన మెరుగైన సాంబ మసూరి దీనిని తట్టుకొనును. ఆ మూడింటిలో ఒకటి ఆఫ్రికా అడవివరి నుండి వచ్చినది. నాటురకములను, అడవివరులను పనికిమాలినవని త్రోసివేసియున్నచో ఈ రెండు మేళ్లును మనకు దక్కెడివి కావు. పాతవంగడమును ఒక మడిలో నిలుపుకొనుచున్న రైతు దేశమునకే ఉపకారము చేయుచున్నాడని నా దృఢవిశ్వాసము.

వంగడ మేదైనను తాలువిత్తు తాలువిత్తే. కోడిగ్రుడ్డు తేలునంతవరకు నీటిలో ఉప్పు కరగించి, విత్తనము పోసి, తేలినదానిని తీసివేసి, మునిగినదానిని మంచినీట రెండు మూడు మారులు కడిగి, విత్తనశుద్ధి చేసిన పిమ్మటనే మండెకట్టుడు.