ప్రశ్నలడిగే పిల్లలకు సోషల్ పాఠం

ఎంఏ హిస్టరీ, బీఈడీ చేసి, పెళ్లయ్యాక అమెరికా వెళ్లి, ఇంట్లోనే ఉండిపోయిన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ప్రభుత్వ బడికి రాష్ట్రం ఇచ్చే టీచర్ లైసెన్సు కావాలని తెలిశాక అక్కడే ఆగిపోతారు. యూదుల డే స్కూళ్ల వైపు చూడనే చూడరు. మతం వేరు, మనల్నెందుకు తీసుకుంటారని సందేహం.

ఆ బళ్లలో చదువు రెండు పాయలుగా సాగుతుంది. యూదుల మతగ్రంథాలైన తోరా, తల్మూద్, వాటితోపాటు హీబ్రూ భాష ఒకటి. లెక్కలు, సైన్స్, ఇంగ్లిష్, సోషల్ రెండోది. ఈ రెండో పాయలో యూదులు కాని టీచర్లు బోలెడంతమంది. ప్రైవేటు బళ్లు కనుక చాలా రాష్ట్రాల్లో లైసెన్సు తప్పనిసరి కాదు. మన డిగ్రీకి అక్కడి సమానతను తేల్చే మదింపు పత్రం, గ్రీన్ కార్డో, హెచ్-4 వీసాపై పని అనుమతి (ఈఏడీ)యో ఉంటే దరఖాస్తు చేయొచ్చు. జీతం చాలాచోట్ల ప్రభుత్వ బడికన్నా తక్కువే.

అసలు పరీక్ష డెమో క్లాసు. ఈ పిల్లలు తల్మూద్‌ను జంటలుగా కూర్చుని చదువుతారు. ఒకరు ఓ వాక్యం చదివి అర్థం చెబితే, రెండోవారు కాదంటారు. ఆ పద్ధతికి హవ్రూతా అని పేరు. అదే అలవాటుతో మీ క్లాసుకొస్తారు. 1790లో న్యూపోర్ట్ యూదులకు జార్జ్ వాషింగ్టన్ రాసిన ఉత్తరం ఇచ్చారనుకోండి. మతస్వేచ్ఛ ఒకరు దయతలచి ఇచ్చేది కాదు, సహజంగా ఉన్న హక్కే అంటుందది. వెంటనే ఓ చెయ్యి లేస్తుంది: "ఆయన దగ్గర బానిసలున్నారుగా?" అది సిలబస్‌లో లేదన్నారో, ఉద్యోగం పోయినట్టే. "నీ ప్రశ్న ఏ వాక్యాన్ని నిలదీస్తోందో వేలు పెట్టి చూపించు" అనగలిగితే క్లాసు మీది. మన దగ్గర నోట్సు చెప్పి రాయించిన చేతులకు ఇది కొత్త. ఇంట్లో అద్దం ముందైనా సాధన చేయాల్సిందే.

హోలోకాస్ట్ పాఠం మరీ బరువైంది. నాజీలు 60 లక్షల మంది యూదుల్ని చంపారన్న అంకె మన పుస్తకాల్లో ఒక వాక్యం. అక్కడ ముందు బెంచీ పిల్లకు అది ముత్తవ్వ కథ కావచ్చు. తొందరపడకుండా, గొంతు తగ్గించి చెప్పాలి. ఇజ్రాయెల్, పాలస్తీనా గురించి బడి వైఖరేమిటో, మీకెంత స్వేచ్ఛ ఉంటుందో ఇంటర్వ్యూలోనే అడగండి. సంప్రదాయాన్ని గట్టిగా పాటించే ఆర్థడాక్స్ బడి ఒకలా, ఉదారవాద రిఫార్మ్ బడి మరోలా ఉంటుంది.

చలికాలంలో శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలయ్యే సబ్బాతు (యూదుల విశ్రాంతి దినం) కోసం బడి త్వరగా వదిలేస్తారు. సెప్టెంబర్, అక్టోబర్ నెలలు పండుగ సెలవుల్లో కరిగిపోతాయి. మేలో జరిగే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు మాత్రం ఆగవు, సిలబస్ లెక్క ముందే వేసుకోవాలి. కోషర్ అనే యూదుల ఆహార నియమం వల్ల ఇంటి క్యారియర్ తేవచ్చో లేదో కూడా కనుక్కోండి.

దరఖాస్తుకు బలమిచ్చే మంచి సరుకు మన దగ్గర ఒకటుంది. కొచ్చిలో 1568 నాటి పరదేశీ సినగాగ్ (యూదుల ప్రార్థనాలయం), గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తాము యూదులమని చెప్పుకునే తెలుగు కుటుంబాలు. భారతదేశ యూదుల మీద ఒక పీరియడ్‌కు సరిపడా పాఠ్య ప్రణాళిక రాసి, ఒక మ్యాపు, రెండు ఫొటోలు జోడించి, దరఖాస్తుతోపాటు పంపండి.